కిరాయి వేరు, ఖర్చు వేరు

సరుకు రవాణానూ గోదాముల నిర్వహణనూ బయటి సంస్థలకు అప్పగించిన కంపెనీల్లో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. రవాణాదారును ఎప్పుడూ గుప్పిట్లో పెట్టుకోవాలి, ఏటా టెండరు పిలవాలి, రివర్స్ ఆక్షన్‌లో ఒకరి మీదికి ఒకర్ని ఎగదోసి కిరాయి దించాలి, అందరికన్నా తక్కువ ధర వేసి ఎల్-1గా తేలినవాడికి పని ఇవ్వాలి, తేడా వస్తే పెనాల్టీ వేసి బిల్లులో కోసుకోవాలి. చనువిస్తే నెత్తికెక్కుతారు, పాతబడితే బద్ధకిస్తారు, పోటీ ఒక్కటే వాళ్లను దారిలో ఉంచుతుందన్నది ఈ నమ్మకానికి మూలం. కొనుగోళ్ల విభాగంలో అధికారి పనితనాన్ని కొలిచేది కూడా నిరుటి కిరాయి మీద ఎంత శాతం దించాడన్న లెక్కతోనే. ఇలా వాదించేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ముడిసరుకులు, యంత్రాలు కొనడంలో దశాబ్దాలుగా అక్కరకొచ్చిన పద్ధతినే వాళ్లు రవాణాకూ తెచ్చారు. నా అభ్యంతరం లారీ యజమాని మీద జాలితో పుట్టింది కాదు. రవాణాదారును ఎడంగా పెట్టి పిండే పద్ధతి కంపెనీకే నష్టమనీ, ఆ నష్టం కిరాయి పద్దులో కాక వేరే పద్దుల్లో పడుతుంది కాబట్టే ఎవరి కంటికీ ఆనడం లేదనీ నా వాదన.

ఈ ధోరణికి చాలా ఏళ్లు ఒక జాతీయ అంకె దన్నుగా నిలిచింది. మన దేశంలో లాజిస్టిక్స్ ఖర్చు జీడీపీలో 13, 14 శాతం ఉందని, అభివృద్ధి చెందిన దేశాల్లో అది 8 శాతం దగ్గరే ఉందని సభల్లోనూ నివేదికల్లోనూ పదేపదే చెప్పారు. ఆ మాట విన్న కొనుగోలు అధికారికి, రవాణాదారు తన దగ్గర అయిదారు శాతం అదనంగా గుంజుతున్నాడన్న అనుమానం కలగడం సహజమే. తీరా 2023 డిసెంబరులో ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్ లెక్క కట్టి చెప్పేసరికి, 2021-22లో ఆ ఖర్చు జీడీపీలో 7.8 నుంచి 8.9 శాతం మధ్యే ఉందని తేలింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. లాజిస్టిక్స్ ఖర్చంటే లారీ కిరాయి ఒక్కటే కాదు. దారిలోనో గోదాములోనో నిలిచిపోయిన సరుకు మీద పడే వడ్డీ, గోదాము అద్దె, దెబ్బతిన్న సరుకు, కాగితాల పని, ఫిర్యాదుల వెంట తిరిగే ఉద్యోగుల జీతాలు అన్నీ అందులోవే. కిరాయి దించబోయి వీటిని పెంచుకున్న కంపెనీకి మొత్తం మీద మిగిలేదేమీ ఉండదు.

సిమెంటు బస్తా కొన్నప్పుడు చూసుకోవాల్సినవి కొన్నే. కంపెనీ, గ్రేడు, తూకం, ధర. బస్తా కళ్ల ముందే ఉంటుంది, నచ్చకపోతే తిప్పి పంపవచ్చు. రవాణా ఒప్పందం మీద సంతకం పెట్టేనాటికి మనం కొన్న సేవ ఇంకా పుట్టనే లేదు. దాన్ని వచ్చే ఏడాది పొడవునా, రోజుకో తీరుగా, కంపెనీ మనుషులూ రవాణాదారు మనుషులూ కలిసి తయారు చేయాలి. ఏ వారం ఎన్ని లోడ్లు లేస్తాయో, ఏ తుపానుకు ఏ రోడ్డు తెగుతుందో, సంక్రాంతికి డ్రైవర్లు ఊళ్లకు వెళ్తే ఎన్ని బళ్లు నిలిచిపోతాయో, ఓడ రెండు రోజులు ఆలస్యమైతే శీతల (రీఫర్) కంటైనరును ఎక్కడ కరెంటు పెట్టి నిలపాలో ఏ ఒప్పందమూ ముందే రాసి పెట్టలేదు. రాసుకున్నదానికీ జరిగేదానికీ మధ్య ఎప్పుడూ ఖాళీ ఉంటుందని, ఆ ఖాళీలో నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు ప్రశ్న అని చూపిన ఆర్థికవేత్త ఆలివర్ హార్ట్‌కు 2016లో నోబెల్ వచ్చింది. రవాణాలో ఆ ఖాళీ చాలా పెద్దది. రాత్రి పదకొండింటికి ఫోనెత్తి ఇంకో బండి వెతికి పెట్టే మనిషి శ్రమతోనే అది నిండుతుంది. ఆ శ్రమకు టెండరు పత్రంలో గడి లేదు. రేపు కూడా ఈ పని తనదేనన్న భరోసా ఉన్నవాడే దానికి పూనుకుంటాడు.

రివర్స్ ఆక్షన్ ఎవర్ని ఎంచిపెడుతుందో చూద్దాం. తెర మీద కిరాయి జారిపోతుంటే చివరిదాకా నిలిచేవాళ్లలో నిజంగా సమర్థంగా బళ్లు నడిపేవాడు ఒక్కోసారి ఉంటాడు. రిటర్న్ లోడు ఖాయంగా ఉన్నవాడు తక్కువకు వేయగలడు, అందులో మోసమేమీ లేదు. అతని పక్కనే తన ఖర్చు తక్కువగా లెక్కేసుకున్నవాడు ఉంటాడు, పోయిన డబ్బు ఎక్కడ రాబట్టుకోవాలో ముందే తెలిసినవాడూ ఉంటాడు. తెర మీద ముగ్గురూ ఒక్కలాగే కనిపిస్తారు. లెక్క తప్పినవాడు మూడు నెలలకు నష్టం గ్రహించి బళ్లు పంపడం తగ్గిస్తాడు, అప్పుడు కంపెనీ అత్యవసరంగా బజార్లో ఎక్కువ కిరాయికి లారీ పట్టుకుంటుంది, ఆ మొత్తం వేరే పద్దులో పడుతుంది. రాబట్టుకునే దారులు తెలిసినవాడు ఇద్దరు డ్రైవర్లు వెళ్లాల్సిన దూరానికి ఒక్కణ్నే పంపుతాడు, అరిగిన టైర్లను ఇంకో రెండు ట్రిప్పులు లాగిస్తాడు, లోడును బ్రోకరుకు ఇచ్చేస్తాడు. ఆ బ్రోకరు ఇంకొకడికి ఇస్తాడు. మన దేశంలో లారీల్లో అధిక భాగం అయిదు బళ్లకు మించని చిన్న యజమానుల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి, పెద్ద లాజిస్టిక్స్ సంస్థ పేరు మీద కుదిరిన ఒప్పందం చివరికి దిగేది ఆ చిన్న యజమాని మీదికే. మధ్యలో ప్రతి చేయీ తన వంతు తీసుకున్నాక అతనికి మిగిలే కిరాయితో డ్రైవరు నిద్రపోవడం సాధ్యం కాదు. డ్రైవరు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రాసింది. ఓవర్‌లోడుకు 2019 సవరణ తర్వాత 20 వేల రూపాయల జరిమానా, దానిపైన అదనపు టన్నుకు 2 వేలు చొప్పున ఉంది. ఈ నిబంధనలకు లోబడి ఎల్-1 కిరాయి గిట్టుతుందా లేదా అని టెండరు తెరిచే గదిలో లెక్క వేసేవాళ్లు బహు తక్కువ.

డీజిల్ సంగతి ఇంకా విచిత్రం. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ఇంధన ధర రోజువారీగా సవరించే పద్ధతి వచ్చింది. లారీ నడిపే ఖర్చులో దాదాపు సగం డీజిలే. అయినా ఏడాది పొడవునా కిరాయి మారకూడదని రాసుకునే ఒప్పందాలు నేటికీ ఉన్నాయి. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో డీజిల్ లీటరు వంద రూపాయలు దాటినప్పుడు, డీజిల్ క్లాజు లేని రవాణాదారులు కిరాయి కోసం ప్రాధేయపడటమో బళ్లు ఆపేయడమో తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. ధర తగ్గినప్పుడు తగ్గించి, పెరిగినప్పుడు పెంచే సూత్రం ఒక్క పేజీలో రాయవచ్చు. కంపెనీ అది రాయకపోతే ఆ రిస్కు మాయమైపోదు. దాన్ని మోసే స్తోమత అందరికన్నా తక్కువ ఉన్నవాడి నెత్తిన పడుతుంది, వాడు కూలిన రోజున సరుకుతో సహా తిరిగి కంపెనీ గుమ్మం ముందుకే వస్తుంది.

ఒప్పందం కాగితం మీద కనబడని ఖర్చును దగ్గరగా చూడాలంటే గోదాము గేటు దగ్గర నిలబడాలి. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి సుమారు 620 కిలోమీటర్లు. లారీ వేకువనే గోదాముకు చేరింది. సరుకు దించే డాక్ ఖాళీ లేదు, ముందు వచ్చిన బళ్లు క్యూలో ఉన్నాయి, హమాలీల ముఠా మధ్యాహ్నం దాకా రాదు, దించుకోవాల్సిన అధికారి దగ్గర ఇన్వాయిస్ నంబరు సరిపోలలేదు. సాయంత్రమైంది, రేపు రమ్మన్నారు. ఆ లారీకి నెల వాయిదా ఆగదు, డ్రైవరు బత్తా ఆగదు, ఇన్సూరెన్సు ఆగదు, ఇ-వే బిల్లు గడువు ఆగదు. రెండు వందల కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఆ దూరానికి నాలుగు రోజులే గడువు. దాన్ని పొడిగించుకోవాలన్నా గడువు ముగిసే వేళకు 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత వరకే వీలు. హాల్టింగ్ చార్జీ ఒప్పందంలో రాసి ఉన్నా, దాన్ని అడిగితే వచ్చే నెల లోడ్లు తగ్గుతాయని రవాణాదారు భయపడతాడు. అడగకుండా ఊరుకుంటాడు. ఊరుకున్నవాడు వచ్చే టెండరులో ఆ గేటుకు మాత్రమే కిరాయి పెంచి వేస్తాడు, లేదా మంచి బండిని వేరే కంపెనీకి పంపి ఈ గేటుకు పాత బండిని పంపుతాడు. కంపెనీ రికార్డుల్లో ఇదంతా ‘రవాణాదారు సేవ సరిగా లేదు’ అన్న ఒక్క వాక్యంగా మిగులుతుంది. నిజానికి సేవ చెడిపోయింది కంపెనీ సొంత డాక్ మీదే. రవాణాదారు ఆ మాట చెప్పగలిగే స్థితి ఉంటే, డాక్ సమయాలు ముందే కేటాయించి ఆ రోజున్నరను ఇద్దరూ మిగుల్చుకునేవాళ్లు. ఆ మాట అతని నోట రాకుండా చేస్తున్నది ఎడంగా పెట్టే పద్ధతే.

చెల్లింపుల కథా ఇలాంటిదే. సరుకు చేరినట్టు రసీదు (పీఓడీ) అందాక బ్యాలెన్స్ కిరాయికి 90 రోజులు, 120 రోజులు తిప్పే కంపెనీ తన నగదు నిర్వహణ గొప్పగా ఉందని అనుకుంటుంది. బ్యాంకులో తక్కువ వడ్డీకి అప్పు పుట్టే పెద్ద కంపెనీ, ఫైనాన్స్ సంస్థల దగ్గర ఎక్కువ వడ్డీకి తెచ్చుకునే లారీ యజమాని డబ్బుతో తన వ్యాపారం నడుపుతోందన్నమాట. ఆ వడ్డీ తేడా ఎక్కడికీ పోదు, మరుసటి కిరాయిలోకి చేరుతుంది. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను చట్టంలో కొత్త నిబంధన చేర్చి, గడువు దాటిన అలాంటి బకాయిని చెల్లించిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపుకోనివ్వలేదు. రవాణా సేవలందించే చిన్న సంస్థలకూ ఇవి వర్తిస్తాయి. అయినా వడ్డీ అడిగిన రవాణాదారులు అరుదు. అడిగిన మరునాడు తన పేరు జాబితాలో ఉండదని అందరికీ తెలుసు.

కాగితం మీద కుదిరిన ఏర్పాటు నేల మీద ఎలా తిరగబడుతుందో 2018 ఫిబ్రవరిలో బ్రిటన్ చూసింది. కేఎఫ్‌సీ తన రెస్టారెంట్లకు సరుకు చేరవేసే పనిని అంతవరకు చూస్తున్న బిడ్‌వెస్ట్ లాజిస్టిక్స్ నుంచి తప్పించి, గోదాము, రవాణా డీహెచ్‌ఎల్‌కు, గిరాకీ అంచనా, నిల్వల నిర్వహణ క్యూఎస్‌ఎల్‌కు ఇచ్చింది. ఫిబ్రవరి 14న కొత్త ఏర్పాటు మొదలైంది. సరుకంతా రగ్బీలోని ఒకే గోదాము నుంచి కదలాలి. అదే రోజు దగ్గర్లోని మోటార్‌వే మీద ప్రమాదాలు జరిగి దారులు స్తంభించాయి. కొద్ది రోజుల్లో 900 దాకా ఉన్న రెస్టారెంట్లలో 600కు పైగా మూతబడ్డాయి. చికెన్ అమ్మే దుకాణంలో చికెన్ లేదు. మార్చిలో ఉత్తర ప్రాంతపు 350 రెస్టారెంట్ల పనిని కేఎఫ్‌సీ మళ్లీ బిడ్‌వెస్ట్‌కే ఇచ్చింది. డీహెచ్‌ఎల్ చేతకాని సంస్థ కాదు, ప్రపంచంలోనే పెద్ద లాజిస్టిక్స్ సంస్థల్లో ఒకటి. ఏ దుకాణానికి ఏ పూట ఎంత సరుకు పడుతుందో, ఏ సందులో లారీ తిరగదో, ఏ మేనేజరు ఆర్డరు ఆలస్యంగా పెడతాడో ఒప్పందాలు మారినంత తేలిగ్గా చేతులు మారవు. ఆ తెలివిడి ఏళ్ల తరబడి పనిచేసిన మనుషుల్లో పేరుకుంటుంది. ఏటా రవాణాదారును మార్చే కంపెనీ ఏటా దాన్ని పారబోసుకుంటోంది. దాని వెల టెండరు పోలిక పట్టికలో సున్నా అని రాసి ఉంటుంది.

టెండరు పద్ధతిని లోపలి నుంచి పరీక్షించిన ఉదాహరణ ఒకటి ఇంకా స్పష్టంగా ఉంది. డెల్ కంపెనీ తన కంప్యూటర్ల వాపసు, మరమ్మతు పనులను 2005లో ఫెడెక్స్‌కు అప్పగించింది. రవాణాదారు ఇది చేయాలి, అది చేయాలి అని క్లాజుల మీద క్లాజులతో వంద పేజీలు దాటిన ఒప్పందం. ఎనిమిదేళ్లలో డెల్ ఆ పనిని మూడుసార్లు టెండరుకు పెట్టి కిరాయి తగ్గించుకుంది. ఫెడెక్స్ ఒప్పందంలో రాసినవన్నీ చేసింది, రాయనిదేదీ చేయలేదు. ఖర్చు తగ్గించే ఆలోచన ఒక్కటీ రావడం లేదని డెల్‌కు కోపం. లాభం కరిగిపోయిన పనికి కొత్త ఆలోచనలు ఎందుకు ఇవ్వాలని ఫెడెక్స్ బాధ. విడిపోవడానికీ ఎవరికీ వీల్లేదు, రెండు వైపులా నష్టం అంత పెద్దది. అప్పుడు ఇద్దరూ కూర్చుని ఒప్పందాన్ని మొదటి నుంచి తిరగరాశారు. ఉమ్మడి లక్ష్యాలు, మిగులులో వాటా, లెక్కలు దాచుకోని పద్ధతి, తగవు వస్తే ఎవరు ఎలా తేల్చాలన్న ఏర్పాటు అందులోకి వచ్చాయి. తర్వాతి రెండేళ్లలో ఖర్చు 42 శాతం తగ్గింది, తుక్కు కింద పారేసే సరుకు 67 శాతం తగ్గింది. మూడు టెండర్లు తేలేని తగ్గింపును ఒక సహకార ఒప్పందం తెచ్చింది. ఈ ఉదాహరణను హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో 2019లో వివరించిన ముగ్గురిలో ఆలివర్ హార్ట్ ఒకరు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని దాటవేయడం నిజాయతీ కాదు. పాత సంబంధాలు బద్ధకాన్నీ లాలూచీనీ పెంచుతాయని, ట్రాఫిక్ మేనేజరూ రవాణాదారూ ఒకటైపోతే కంపెనీ మునుగుతుందని అంటారు. అలా మునిగిన కంపెనీలు ఉన్నాయి. కానీ ఆ లాలూచీ పుట్టేది చీకట్లో, సహకారానికి మొదటి షరతు వెలుగు. డీజిల్, టోలు, డ్రైవరు జీతం, వాయిదా, లాభం విడివిడిగా రాసి రెండు పక్షాలూ చూసుకునే ఒప్పందంలో లంచానికి చోటు తక్కువ. అన్నీ కలిపి ఒక్క అంకెగా వేసే టెండరులోనే ఎక్కువ. పోటీ వద్దని కూడా నేను అనడం లేదు. మూడేళ్లకో అయిదేళ్లకో మార్కెట్ రేటుతో పోల్చి చూసుకోవచ్చు, ఒకే రూటును ఇద్దరు రవాణాదారులకు పంచవచ్చు. పోటీని ఎక్కడ పెట్టాలన్నదే తేడా. ప్రవేశం దగ్గర గట్టిగా పెట్టి, లోపలికి వచ్చినవాడితో కలిసి పనిచేయడం ఒక దారి. లోపలికి వచ్చినవాణ్ని కూడా రోజూ బయటికి తోసేస్తామని బెదిరించడం రెండో దారి. ఈ రెండో దారిని 1992లో జనరల్ మోటార్స్ కొనుగోళ్ల అధిపతిగా వచ్చిన హోసె ఇగ్నాసియో లోపెజ్ పట్టాడు. కుదిరిన ఒప్పందాలను మళ్లీ తెరిపించి ధరలు కోయించాడు. కంపెనీకి వెంటనే డబ్బు మిగిలింది. 1993లో అతను ఫోక్స్‌వ్యాగన్‌కు వెళ్లిపోయాడు, సరఫరాదారుల్లో అతను మిగిల్చిన అపనమ్మకం మాత్రం ఆ కంపెనీని చాలా ఏళ్లు వెంటాడింది. అదే దశాబ్దంలో, 1997 ఫిబ్రవరి 1న, టయోటాకు బ్రేకు వాల్వులు దాదాపు అన్నీ సరఫరా చేసే ఐసిన్ కర్మాగారం కాలిపోయింది. టయోటా అసెంబ్లీ లైన్లు ఆగిపోయాయి. సాటి సరఫరాదారులు ఎవరి పెనాల్టీ క్లాజూ చూసుకోకుండా తమ యంత్రాలు మార్చుకుని ఆ వాల్వులు చేసిపెట్టారు, కుట్టుమిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా చేసింది. వారం తిరక్కుండానే కార్ల తయారీ మళ్లీ మొదలైంది. టయోటా తన సరఫరాదారుల ధరలను తగ్గించమని అడగని కంపెనీ కాదు, ఏటా అడుగుతుంది. అడిగిన తర్వాత తన ఇంజనీర్లను వాళ్ల షాపుకు పంపి ఎలా తగ్గించాలో కలిసి వెతుకుతుంది.

మార్కెట్ పడిపోయినప్పుడు బజారు కిరాయి ఒప్పందపు కిరాయి కన్నా తక్కువ ఉంటుంది కదా, ఆ లాభం ఎందుకు వదులుకోవాలని ఇంకో ప్రశ్న. వదులుకోవాల్సిన మాట నిజమే. కానీ బజారు రెండు వైపులా తిరుగుతుంది. నలభై అడుగుల కంటైనరుకు డ్రూరీ సంస్థ ప్రపంచ సూచీ 2019లో సగటున 1,400 డాలర్ల చేరువలో ఉంటే 2021 సెప్టెంబరులో 10,377 డాలర్లకు చేరింది. ఆ నెలల్లో సమస్య కిరాయి ఒక్కటే కాదు, ఎంత ఇస్తామన్నా ఖాళీ కంటైనరు దొరకలేదు. షిప్పింగ్ కంపెనీల్లో, ఫార్వర్డర్లలో ఎవరి సరుకు ముందు ఎక్కించాలో నిర్ణయించే మనిషి ఉంటాడు, నిరుడు అరడాలరు తేడాకు తనను వదిలి వెళ్లినవాడి పేరు ఆ మనిషికి గుర్తుంటుంది. భీమవరం చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి మైనస్ 18 డిగ్రీల్లో రొయ్యలు పంపేవారికి ఓడ తప్పిపోవడమంటే కోల్డ్ స్టోరేజీ అద్దె, నిలిచిపోయిన పెట్టుబడి, కొనుగోలుదారు దగ్గర మాట పోవడం. బజారు బాగున్న రెండేళ్లలో మిగిల్చుకున్నది అలాంటి ఒక్క సీజన్‌లో తుడిచిపెట్టుకుపోతుంది.

ప్రభుత్వ సంస్థల వాళ్లు ఈ వాదనంతా విని, ప్రజాధనం విషయంలో ఎల్-1 తప్ప మాకు దారి లేదంటారు. ఆ మాట ఇప్పుడు పూర్తి నిజం కాదు. 2021 అక్టోబరు 29న కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం పనులు, కన్సల్టెన్సీయేతర సేవల్లోనూ నాణ్యతకు మార్కులు వేసి ధరతో కలిపి తూచే పద్ధతిని వాడవచ్చు. నాణ్యతకు గరిష్ఠంగా 30 శాతం వెయిటేజీ ఇవ్వవచ్చు. వాడేందుకు ముందస్తు అనుమతి కావాలి, కారణాలు రాయాలి, ఆడిట్‌కు జవాబు చెప్పాలి. అది శ్రమే. ఎల్-1 వెనక దాక్కోవడం సులువు కాబట్టి అందరూ అటే పోతున్నారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది సహకారం పేరుతో జరుగుతున్న నకిలీ వ్యవహారం. ఏడాదికోసారి స్టార్ హోటల్లో వెండర్ మీట్ పెట్టి, రవాణాదారులకు శాలువా కప్పి, ‘మీరు మా భాగస్వాములు’ అని చెప్పి, మరునాడు పాత బకాయిల మీద మూడు శాతం రాయితీ అడిగే కంపెనీలున్నాయి. ఇది చూసినవాళ్లు భాగస్వామ్యమన్న మాటనే అసహ్యించుకోవడంలో తప్పు లేదు. అందుకే సహకారాన్ని మాటల్లో వెతకకూడదు, కాగితంలో వెతకాలి. ఒప్పందం కనీసం మూడేళ్లదా? డీజిల్ సూత్రం రెండు వైపులా పనిచేస్తుందా? వచ్చే నెల లోడ్ల అంచనా ముందే వస్తోందా, అది తప్పితే కంపెనీ ఏమైనా భరిస్తుందా? బండి గేటు దగ్గరికి వచ్చిన క్షణం నుంచి గడియారం నడుస్తోందా, హాల్టింగ్ అడక్కుండానే బిల్లులో చేరుతోందా? పనితీరు మార్కులు రవాణాదారుకు మాత్రమేనా, కంపెనీ డాక్‌కూ చెల్లింపులకూ ఉన్నాయా? కొత్త దారి కనిపెట్టి ఖర్చు తగ్గించినవాడికి ఆ మిగులులో వాటా ఉందా, లేక వచ్చే టెండరులో అదే తగ్గింపు అతనికి శిక్షగా మారుతోందా? ఈ చివరి ప్రశ్నకు చాలా కంపెనీల దగ్గర జవాబు లేదు. నిర్ణీత బళ్లతో నెలకు రెండు ట్రిప్పులు ఎక్కువ తిప్పే ఉపాయం తెలిసిన రవాణాదారు దాన్ని దాచుకుంటాడు, ఎందుకంటే చెప్పిన మరుక్షణం అది అతని చేతిలోంచి జారిపోతుంది. విడిపోవాల్సి వస్తే ఎలా విడిపోవాలో కూడా ముందే రాసుకోవాలి. పని అప్పగింతకు ఎన్ని నెలలు, సమాచారం ఎవరిది, సిబ్బంది ఏమవుతారు అన్నవి సంబంధం బాగున్నప్పుడే తేల్చుకోవాల్సినవి.

మందుల రంగంలో ఇది మంచి అలవాటు దశ దాటి నియమమైంది. హైదరాబాద్ నుంచి యూరప్‌కు మందులు పంపేవారికి ఈ సంగతి తెలుసు. యూరోపియన్ యూనియన్ 2013లో ప్రకటించిన మందుల పంపిణీ మార్గదర్శకాల్లో ఏడో అధ్యాయమంతా బయటికి అప్పగించిన పనుల గురించే. పని అప్పగించినవాడు ఆ పనికి తానే బాధ్యుడు, తీసుకున్నవాడి సామర్థ్యాన్ని ముందే అంచనా వేయాలి, అతనికి కావాల్సిన సమాచారమంతా ఇవ్వాలి. అతను ఆ పనిని ముందస్తు పరిశీలన, ఆమోదం లేకుండా మూడోవాడికి అప్పగించకూడదు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకా పెట్టె విమానాశ్రయం ఆప్రాన్ మీద ఎండలో అరగంట ఆగిపోతే, పెనాల్టీ వసూలు చేసి ఆ టీకాను తిరిగి బతికించలేం. బాధ్యతను కిరాయితో పాటు బదిలీ చేయవచ్చన్న భ్రమను ఆ రంగం ఎప్పుడో వదులుకుంది. సిమెంటూ, ఎరువులూ, సూపర్ మార్కెట్ సరుకులూ పంపేవాళ్లు ఇంకా వదులుకోలేదు. వాళ్ల సరుకు పాడైతే అంత పెద్ద ప్రమాదం ఉండదన్నది ఒక కారణం, నష్టం చిన్న చిన్న ముక్కలుగా చెదిరి పడుతుందన్నది అసలు కారణం.

ఇదంతా పెద్ద కంపెనీలకే చెల్లుతుంది, నెలకు పది లోడ్లు పంపే చిన్న మిల్లుకు మూడేళ్ల ఒప్పందాలూ ఉమ్మడి సమీక్షలూ ఎక్కడివని అడగవచ్చు. నిజానికి చిన్నవాడి దగ్గరే ఈ పని తేలిక. బండి వచ్చిన మూడు గంటల్లో లోడు చేసి పంపడానికి, బ్యాలెన్స్ కిరాయి పీఓడీ అందిన వారంలో ఖాతాలో వేయడానికి, తడిసిన బస్తాకు కోత పెట్టేముందు టార్పాలిన్ చిరిగిందా, మన గోదాము కప్పు కారిందా అని ఇద్దరూ కలిసి చూడటానికి ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు. ఆటోనగర్‌లలో లారీ యజమానులకు ఏ మిల్లు గేటులో బండి ఎంతసేపు ఆగుతుందో, ఎవరు డబ్బు ఎన్నాళ్లకిస్తారో నోటికి వచ్చు. సీజన్‌లో బళ్లు తక్కువై అందరూ ఒకేసారి ఫోన్లు చేసినప్పుడు, ఉన్న ఒక్క బండిని ఎవరికి పంపాలో వాళ్లు తేల్చుకునేది ఆ లెక్కతోనే.